ఆంధ్ర క్రికెట్ జట్టు

ఆంధ్ర క్రికెట్ జట్టు భారత దేశవాళీ క్రికెట్ పోటీలలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రాతినిధ్యం వహించే జట్టు. దీనిని ఆంధ్ర క్రికెట్ సంఘం నిర్వహిస్తుంది. జట్టు ప్రధాన మైదానం విశాఖపట్నం శివార్లలోని పోతినమల్లయ్యపాలెంలో ఉన్న డా. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ఏసీఏ-వీడీసీఏ క్రికెట్ స్టేడియం. 1953-54లో తొలిసారి రంజీ ట్రోఫీలో పాల్గొన్న ఈ జట్టు ఇంతవరకు ఆ ట్రోఫీని గెలవలేదు. అయినా ఎం.ఎస్.కె.ప్రసాద్, వై.వేణుగోపాలరావు, హనుమ విహారి, కె.ఎస్.భరత్, నితీష్ కుమార్ రెడ్డి వంటి అంతర్జాతీయ క్రీడాకారులు ఈ జట్టులో ఆడినవారే.

పేరు, పరిధి

ఈ జట్టు పేరు "ఆంధ్రప్రదేశ్" కాదు, "ఆంధ్ర" మాత్రమే. దీనికి కారణం తెలియాలంటే జట్టు పుట్టిన సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు విడివడి 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. ఆ సంవత్సరమే ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడి, ఆ శీతాకాలపు రంజీ పోటీలలో కొత్త రాష్ట్రం పేరుతోనే జట్టు బరిలోకి దిగింది. అంతకుముందు ఈ ప్రాంతపు ఆటగాళ్ళకు ఉన్న దారి మద్రాసు జట్టు ఒక్కటే.

మూడేళ్ళకే, 1956 నవంబరు 1న, తెలంగాణ ప్రాంతం కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించినది. రాష్ట్రం ఒకటైనా క్రికెట్ జట్లు మాత్రం ఒకటి కాలేదు. హైదరాబాదు జట్టు రంజీ ట్రోఫీ మొదలైన 1934-35 నుండి ఆడుతున్న పాత జట్టు, అప్పటికే 1937-38లో విజేతగా నిలిచిన జట్టు. అది తన పేరును, హోదాను వదులుకోలేదు. ఆంధ్ర జట్టు కూడా తన పేరును అలాగే ఉంచుకున్నది. ఆ విధంగా ఒకే రాష్ట్రం నుండి రెండు జట్లు, అదీ ఒకే జోన్‌లో, ఏటేటా ఒకదానితో ఒకటి తలపడుతూ వచ్చాయి. ఇది భారతదేశంలో వింతేమీ కాదు. మహారాష్ట్రలో ముంబై, మహారాష్ట్ర, విదర్భ జట్లు, గుజరాత్‌లో గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర జట్లు ఇలాగే వేరువేరుగా ఉన్నాయి. రాష్ట్రాల సరిహద్దులు మారినంత సులభంగా క్రికెట్ సంఘాల సరిహద్దులు మారవు.

2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనప్పుడు ఆంధ్ర జట్టు పరిధిలో ఏ మార్పూ చేయవలసిన అవసరం రాలేదు. శ్రీకాకుళం నుండి చిత్తూరు, అనంతపురం వరకు కోస్తా, రాయలసీమ జిల్లాలే మొదటినుండీ ఈ జట్టు పరిధి. రాష్ట్రం పటం ఆరు దశాబ్దాల తరువాత తిరిగి జట్టు పటానికి దగ్గరగా వచ్చింది. శాసనసభ, హైకోర్టు, బస్సుల సంస్థ వంటివి పంపకాలకు గురైన ఆ విభజనలో, పంచుకోవలసిన అవసరమే లేని అతికొద్ది సంస్థలలో ఇదొకటి.

జట్టుకు ముందు తెలుగువారి క్రికెట్

1953కు ముందు తెలుగువారు క్రికెట్‌లో లేరనుకోవడం పొరపాటు. వారు వేరే పేర్ల కింద ఆడారు. మద్రాసులో భారతీయులు క్రికెట్ ఆడటానికి ఆద్యుడిగా చెప్పబడే ఎం.బుచ్చిబాబు నాయుడు తెలుగువాడు. ఇతని కుమారుడు కోటా రామస్వామి భారతదేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్, టెస్ట్ క్రికెట్ రెండూ ఆడిన అరుదైన క్రీడాకారుడు. 1936లో ఇంగ్లండు పర్యటించిన భారత జట్టుకు నాయకుడైన విజయనగరం మహారాజకుమారుడు "విజ్జీ" తన క్రికెట్‌ను ఎక్కువగా కాశీలోను, సంయుక్త పరగణాలలోను నడిపించాడు. 1932లో లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్ట్ జట్టుకు సారథ్యం వహించిన కల్నల్ సి.కె.నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించి, హోల్కర్ జట్టుకు పేరు తెచ్చినవాడు.

ఆ సి.కె.నాయుడే 1953-54లో ఆంధ్ర జట్టుకు తొలి సంవత్సరంలో నాయకుడిగా వచ్చాడు. అప్పటికి అతని వయస్సు 58 సంవత్సరాలు. ఆ వయస్సులో ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడటమే గొప్ప, కొత్త జట్టు భారం తలకెత్తుకోవటం మరీ గొప్ప. అతని తమ్ముడు, టెస్ట్ క్రీడాకారుడైన సి.ఎస్.నాయుడు కూడా తరువాత ఆంధ్ర తరఫున ఆడాడు. ప్రస్తుతం 23 ఏళ్ళలోపు క్రీడాకారులకు దేశవ్యాప్తంగా జరిగే పోటీని సి.కె.నాయుడు పేరుతోనే పిలుస్తారు.

దక్షిణ జోన్‌లో అర్ధ శతాబ్దం

రంజీ ట్రోఫీ 2002 వరకు జోన్ల వారీగా జరిగేది. ఆంధ్ర జట్టు దక్షిణ జోన్‌లో మద్రాసు (తరువాత తమిళనాడు), మైసూరు (తరువాత కర్ణాటక), హైదరాబాదు, కేరళ జట్లతో ఆడేది. గోవా 1980లలో చేరినది. మొదట జోన్‌లో అగ్రస్థానంలో నిలిచిన జట్టుకే, తరువాతి కాలంలో పైనున్న రెండు మూడు జట్లకే నాకౌట్ దశకు ప్రవేశం ఉండేది. టెస్ట్ క్రీడాకారులతో నిండిన మూడు జట్లు పైన ఉండగా ఆంధ్రకు ఆ తలుపు తెరుచుకోవటం చాలా అరుదు. ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లు, ఆపై ఇంటిదారి. ఒక ఆటగాడు సెలెక్టర్ల కంట పడటానికి ఆ నాలుగైదు మ్యాచ్‌లే ఆధారం.

ఆ రోజుల బలాబలాలకు గుర్తుగా నిలిచిన మ్యాచ్ ఒకటి ఉంది. 1993-94లో సికింద్రాబాదు జింఖానా మైదానంలో హైదరాబాదు జట్టు ఆంధ్రపై 6 వికెట్లకు 944 పరుగులు చేసి ఇన్నింగ్స్ డిక్లేర్ చేసినది. రంజీ ట్రోఫీ చరిత్రలో ఇదే అత్యధిక స్కోరు. ఎం.వి.శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 (నాటౌట్) పరుగులు చేశారు. రికార్డుల పుస్తకాలలో ఈ అంకెలు హైదరాబాదు ఘనతగానే కనిపిస్తాయి. కాని ఆ స్కోరు చేయటానికి ఎవరో ఒకరు బంతులు వేయాలి కదా. ఎండలో ఆ ఓవర్లు వేసినది, బౌండరీ గీత దాటిన బంతులు తెచ్చి ఇచ్చినది ఆంధ్ర ఆటగాళ్ళు. ఈ జట్టు తరువాత ఎంత దూరం వచ్చిందో కొలవటానికి ఈ మ్యాచ్ మంచి మైలురాయి.

2002-03 నుండి జోన్లు రద్దై, జట్లను బలాన్నిబట్టి ఎలైట్, ప్లేట్ అనే వర్గాలుగా విభజించారు. దీనితో ఆంధ్రకు దక్షిణాది జట్లతోనే కాక ముంబై, బెంగాల్, ఉత్తరాది జట్లతో కూడా క్రమంగా ఆడే అవకాశం కలిగినది.

విశాఖపట్నం, ఇతర మైదానాలు

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, తూర్పు నౌకాదళ స్థావరం ఉన్న విశాఖపట్నంలో ఆటస్థలాలు కూడా చాలావరకు ఈ సంస్థల నీడలోనే పెరిగాయి. పోర్టు ట్రస్టు వజ్రోత్సవ స్టేడియం, ఉక్కునగరంలోని స్టేడియం ఆంధ్ర జట్టు దేశవాళీ మ్యాచ్‌లకు వేదికలయ్యాయి. నగరంలో తొలి అంతర్జాతీయ వన్‌డే 1988 డిసెంబరులో భారత్, న్యూజీలాండ్ జట్ల మధ్య ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగినది. కృష్ణమాచారి శ్రీకాంత్ ఆ మ్యాచ్‌లో 70 పరుగులు చేయటమే కాక, 27 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు.

పోతినమల్లయ్యపాలెం స్టేడియం పేరులోని "ఏసీఏ" ఆంధ్ర క్రికెట్ సంఘానికి, "వీడీసీఏ" విశాఖపట్నం జిల్లా క్రికెట్ సంఘానికి పొడి అక్షరాలు. ఇక్కడ తొలి అంతర్జాతీయ మ్యాచ్ 2005 ఏప్రిల్ 5న భారత్, పాకిస్తాన్ మధ్య జరిగినది. మహేంద్రసింగ్ ధోని తన తొలి అంతర్జాతీయ శతకం (148) చేసినది ఇక్కడే. 2016 నవంబరులో ఇంగ్లండుతో మ్యాచ్ ద్వారా ఇది టెస్ట్ వేదిక అయినది. ఆ మ్యాచ్‌లో భారత్ 246 పరుగుల తేడాతో గెలిచినది.

ఒక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఈ స్టేడియం నిండేది అంతర్జాతీయ మ్యాచ్‌లకు, ఐపీఎల్ మ్యాచ్‌లకు. ఐపీఎల్‌లో విశాఖపట్నానికి సొంత జట్టు లేదు. వచ్చినవన్నీ అతిథి జట్లే. 2012లో డెక్కన్ ఛార్జర్స్, 2015లో సన్‌రైజర్స్ హైదరాబాద్ కొన్ని మ్యాచ్‌లు ఇక్కడ ఆడాయి. 2016లో మహారాష్ట్రలో నీటి ఎద్దడి కారణంగా అక్కడి మ్యాచ్‌లు తరలించవలసి వచ్చినప్పుడు పుణె, ముంబై జట్లు ఈ ఊరిని తాత్కాలికంగా సొంత ఊరు చేసుకున్నాయి. 2024, 2025లలో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు ఇక్కడ రెండేసి మ్యాచ్‌లు ఆడినది. అదే పిచ్ మీద నాలుగు రోజులు ఆంధ్ర జట్టు రంజీ మ్యాచ్ ఆడుతుంటే గ్యాలరీలలో వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది ఉంటారు. ఇతరుల జట్లకు కేరింతలు, సొంత జట్టుకు ఖాళీ కుర్చీలు. దేశంలోని రంజీ మ్యాచ్‌లన్నింటికీ దాదాపు ఇదే పరిస్థితి కనుక విశాఖవాసులను మాత్రమే తప్పుపట్టలేము.

జట్టు విశాఖపట్నానికే పరిమితం కాదు. విజయనగరం, ఒంగోలు, అనంతపురం, కడప, విజయవాడ సమీపంలోని మూలపాడు మైదానాలలో కూడా సొంత మ్యాచ్‌లు ఆడుతుంది. ఈ జట్టు రికార్డులు కొన్ని ఆ చిన్న ఊళ్ళలోనే నమోదయ్యాయి.

క్రీడాకారులు

గుంటూరుకు చెందిన వికెట్ కీపర్ ఎం.ఎస్.కె.ప్రసాద్ 1998లో వన్‌డేలలోను, 1999 అక్టోబరులో న్యూజీలాండ్‌పై మొహాలీలో టెస్టులలోను ప్రవేశించాడు. మొత్తం 6 టెస్టులు, 17 వన్‌డేలు ఆడాడు. 2016 నుండి 2020 వరకు జాతీయ సెలెక్షన్ కమిటీ అధ్యక్షుడిగా పనిచేశాడు. ఇతని తరువాత ఆంధ్ర క్రీడాకారుడొకరు టెస్టు ఆడటానికి 18 ఏళ్ళు పట్టినది.

విశాఖపట్నం పారిశ్రామిక శివారు గాజువాకలో జన్మించిన వై.వేణుగోపాలరావు 2004లో దక్షిణ జోన్ తరఫున ఇంగ్లండు-ఎ జట్టుపై ఆడిన ఇన్నింగ్స్‌తో దేశమంతటా తెలిశాడు. ఆ మ్యాచ్‌లో నాలుగవ ఇన్నింగ్స్ లక్ష్యం 501 పరుగులు. వేణుగోపాలరావు 228 పరుగులతో నాటౌట్‌గా నిలిచి జట్టును గెలిపించాడు. 2005-06లలో 16 వన్‌డేలు ఆడాడు.

కాకినాడలో జన్మించిన హనుమ విహారి మొదట హైదరాబాదుకు ఆడి, 2016లో ఆంధ్రకు వచ్చాడు. 2017 అక్టోబరులో విజయనగరంలో ఒడిషాపై 302 పరుగులు (నాటౌట్) చేశాడు. 2018 సెప్టెంబరులో లండన్ ఓవల్ మైదానంలో తొలి టెస్టు ఆడి మొదటి ఇన్నింగ్స్‌లోనే 56 పరుగులు చేశాడు. 2021 జనవరిలో సిడ్నీలో, తొడ కండరం పట్టేసినా, 161 బంతులాడి 23 పరుగులతో నిలబడి మ్యాచ్‌ను డ్రాగా కాపాడిన ఇన్నింగ్స్ ఇతనికి ఎక్కువ పేరు తెచ్చినది.

వికెట్ కీపర్ కె.ఎస్.భరత్ విశాఖపట్నం నావల్ డాక్‌యార్డ్ ఉద్యోగి కుమారుడు. 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ ట్రోఫీలో త్రిశతకం చేసిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాపై నాగపూరులో టెస్టులలో ప్రవేశించాడు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండుతో టెస్టును సొంత ఊరిలోనే ఆడే అవకాశం ఇతనికి లభించినది.

నితీష్ కుమార్ రెడ్డి కూడా విశాఖ కార్మిక కుటుంబాల నుండి వచ్చినవాడే. తండ్రి హిందుస్తాన్ జింక్ సంస్థలో ఉద్యోగి. ఉదయపూర్‌కు బదిలీ అయినప్పుడు కొడుకు ఆట దెబ్బతినకూడదని ఉద్యోగాన్నే వదులుకున్నాడు. నితీష్ 2017-18లో 16 ఏళ్ళలోపు వారి విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. అందులో నాగాలాండ్‌పై చేసిన 441 పరుగుల ఇన్నింగ్స్ ఒకటి. 2020 జనవరిలో ఒంగోలులో కేరళపై రంజీలో ప్రవేశించాడు. 2024 నవంబరులో పెర్త్‌లో తొలి టెస్టు, అదే సంవత్సరం డిసెంబరులో మెల్బోర్న్‌లో తొలి టెస్ట్ శతకం (114).

అంబటి రాయుడు హైదరాబాదు నుండి వచ్చి 2005-06లో ఆంధ్ర తరఫున ఆడాడు, చాలా కాలం తరువాత మళ్ళీ వచ్చి టీ20 పోటీలలో నాయకత్వం వహించాడు. రికీ భుయ్ 2023-24 రంజీ ట్రోఫీలో 902 పరుగులతో దేశం మొత్తం మీద అత్యధిక పరుగులు చేసిన బ్యాట్స్‌మన్. గుంటూరుకు చెందిన షేక్ రషీద్ 2022లో 19 ఏళ్ళలోపు ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టుకు ఉపనాయకుడు. ఇతను 2024 నవంబరులో హైదరాబాదుపై ద్విశతకం (203) చేశాడు. 944 పరుగుల బాకీ అంతా దీనితో తీరిందనలేము గాని, కొంత తగ్గిందనవచ్చు.

క్వార్టర్ ఫైనళ్ళు

గత దశాబ్దంలో ఆంధ్ర జట్టు పలుమార్లు రంజీ క్వార్టర్ ఫైనల్ చేరి అక్కడే ఆగిపోయినది. 2014-15లో మహారాష్ట్ర చేతిలో ఓడినది. 2019-20లో ఒంగోలులో సౌరాష్ట్రతో మ్యాచ్ డ్రా అయినది. నాకౌట్ మ్యాచ్ డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసిన జట్టు ముందుకు పోతుంది కనుక, ఆధిక్యం సాధించిన సౌరాష్ట్ర సెమీఫైనల్ చేరి చివరకు ట్రోఫీ కూడా గెలిచినది.

తరువాతి రెండు ఓటములు ఎక్కువ బాధ కలిగించేవి. రెండూ ఇండోర్‌లో, రెండూ మధ్యప్రదేశ్ చేతిలోనే. సి.కె.నాయుడు హోల్కర్ జట్టుకు వైభవం తెచ్చిన ఊరు అదే కావటం కాకతాళీయం.

2023 జనవరి చివర మొదలైన మ్యాచ్‌లో నాయకుడు హనుమ విహారికి ఆవేశ్ ఖాన్ వేసిన బౌన్సర్ తగిలి ఎడమ మణికట్టు విరిగినది. 16 పరుగుల వద్ద అతను మైదానం వీడాడు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 పరుగులతో జట్టును నిలబెట్టారు. తొమ్మిదవ వికెట్ పడినప్పుడు విహారి తిరిగి వచ్చాడు. అతను కుడిచేతి బ్యాట్స్‌మన్. ఆ నిలకడలో విరిగిన ఎడమ చేయి బంతికి ఎదురుగా ఉంటుంది. అందుచేత అటు తిరిగి ఎడమచేతి బ్యాట్స్‌మన్‌లా నిలబడి, ఎక్కువగా ఒంటి చేత్తో ఆడి 27 పరుగుల వద్ద అవుటయ్యాడు. ఆంధ్ర 379 పరుగులు చేసి, మధ్యప్రదేశ్‌ను 228కి పరిమితం చేసి 151 పరుగుల ఆధిక్యం సంపాదించినది. మ్యాచ్ డ్రా అయినా చాలు, సెమీఫైనల్ దక్కేది. కాని రెండవ ఇన్నింగ్స్‌లో 93 పరుగులకే జట్టు కుప్పకూలినది. విహారి అప్పుడు కూడా అదే విధంగా బ్యాటింగుకు దిగాడు. 245 పరుగుల లక్ష్యాన్ని మధ్యప్రదేశ్ 5 వికెట్లు కోల్పోయి చేరుకున్నది.

మరుసటి సంవత్సరం, 2024 ఫిబ్రవరిలో, బౌలర్లు మధ్యప్రదేశ్‌ను రెండవ ఇన్నింగ్స్‌లో 107 పరుగులకే అవుట్ చేశారు. గెలుపుకు 170 పరుగులు కావాలి. విహారి 55 పరుగులు చేశాడు. జట్టు 165 వద్ద ఆలౌటై 4 పరుగుల తేడాతో ఓడినది. ఒక్క ఫోరు కొట్టి ఉంటే స్కోర్లు సమమయ్యేవి.

2024 నాయకత్వ వివాదం

ఆ ఓటమి జరిగిన రోజే విహారి సామాజిక మాధ్యమంలో ఒక ప్రకటన చేశాడు. 2024 జనవరిలో విశాఖపట్నంలో బెంగాల్‌తో జరిగిన తొలి మ్యాచ్ తరువాత తనను నాయకత్వం నుండి తప్పుకొమ్మన్నారని, ఒక రాజకీయ నాయకుని కుమారుడైన ఆటగాడిని మందలించటమే దానికి కారణమని ఆరోపించాడు. ఇకపై ఆంధ్ర తరఫున ఆడనని కూడా ప్రకటించాడు. ఆ ఆటగాడు ఈ ఆరోపణను ఖండించాడు. విషయం క్రికెట్ పరిధి దాటి ఎన్నికల ముందు రాజకీయ చర్చగా మారినది. 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత విహారి తిరిగి ఆంధ్రకే ఆడటానికి అంగీకరించి, ఒక సీజన్ ఆడి, 2025లో త్రిపురకు మారాడు. జట్టు ఎంపికలో, నాయకత్వంలో బయటివారి పలుకుబడి ఎంత అనే ప్రశ్న భారతదేశంలోని చాలా రాష్ట్ర సంఘాల విషయంలో ఉన్నదే. ఈసారి ఆ ప్రశ్నను లేవనెత్తినది విరిగిన చేత్తో ఆ జట్టు కోసం ఆడిన నాయకుడే కావటం వలన అది అభిమానులను ఎక్కువగా కలచివేసినది.

ఆంధ్ర ప్రీమియర్ లీగ్

2022లో ఆంధ్ర క్రికెట్ సంఘం విశాఖపట్నం కేంద్రంగా ఆంధ్ర ప్రీమియర్ లీగ్ అనే టీ20 పోటీని ప్రారంభించినది. మొదట ఆరు జట్లు ఉండేవి: బెజవాడ టైగర్స్, కోస్టల్ రైడర్స్, గోదావరి టైటాన్స్, రాయలసీమ కింగ్స్, ఉత్తరాంధ్ర లయన్స్, వైజాగ్ వారియర్స్. 2025లో ఫ్రాంచైజీలు మారి జట్ల సంఖ్య ఏడయినది. తుంగభద్ర వారియర్స్, అమరావతి రాయల్స్, భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్, సింహాద్రి వైజాగ్ లయన్స్ వంటి కొత్త పేర్లు వచ్చాయి.

ఈ పద్ధతి అమెరికాలోని మైనర్ లీగ్ బేస్‌బాల్‌ను గుర్తుకు తెస్తుంది. అక్కడ చిన్న పట్టణాల జట్లు పెద్ద జట్లకు ఆటగాళ్ళను తయారుచేసి పంపుతాయి. యజమానులు మారినప్పుడు జట్టు ఊరు, పేరు, చిహ్నం కూడా మారిపోవటం అక్కడ సాధారణం. ఆంధ్ర రంజీ జట్టు కూడా పై స్థాయికి ఆటగాళ్ళను పంపేదే అయినా దానికి అమ్మేవారు, కొనేవారు లేరు. ప్రీమియర్ లీగ్‌లో బాగా ఆడిన కుర్రవాడు ఐపీఎల్ వేలానికి పోవచ్చు. నాలుగు రోజుల మ్యాచ్‌లో చోటు కావాలంటే మాత్రం ఏ ఫ్రాంచైజీ తరఫున ఆడినవాడైనా 1953 నాటి ఆ పాత పేరున్న జట్టుకే ఎంపిక కావాలి.